కమలమ్మ సాక్ష్యం

తార్నాకలో కమలమ్మ ఇల్లెక్కడని అడిగితే చెప్పేవాళ్ళు తక్కువ. ఆకుమందు పెద్దన్న ఇల్లంటే మాత్రం రిక్షావాళ్ళు కూడా నేరుగా తీసుకొచ్చి గుమ్మం ముందు దింపేవాళ్ళు. యూనివర్సిటీకి పోయే రోడ్డు మీంచి లోపలికి తిరిగే సందులో రెండు గదుల పెంకుటిల్లు. తెల్లవారేసరికే అరుగు మీద ఎవరో ఒకరు కూర్చుని ఉండేవాళ్ళు. కళ్ళు పచ్చబడ్డ విద్యార్థులు, కాలి పుండు మానని ముసలివాళ్ళు, ఒళ్ళంతా దద్దుర్లెక్కిన పిల్లల్ని చంకనేసుకున్న తల్లులు. పెద్దన్న స్నానం చేసి, ఉతికిన చొక్కా తొడుక్కుని వచ్చి, ఆకును నూరబోయే ముందు అరచేతిలో పెట్టుకుని కళ్ళు మూసుకునేవాడు. "ప్రభువా, ఈ ఆకు నీది, ఈ బిడ్డ నీ బిడ్డ. నడుమ నేను వట్టి చేతిని." అంతే ప్రార్థన. వచ్చేవాళ్ళలో హిందువులే ఎక్కువ, ముస్లింలూ ఉండేవాళ్ళు. ఆ ప్రార్థనకు ఎవరూ ఎప్పుడూ అభ్యంతరం చెప్పలేదు.

పెద్దన్న యూనివర్సిటీలో వృక్షశాస్త్రం వాళ్ళ తోటకు మాలీ. వైద్యం ఉద్యోగం కాదు, దానికి ప్రతిఫలం పుచ్చుకోడు. అతనికి అది ఆరాధన లాంటిది. ఎవరైనా గుచ్చి అడిగితే ఒకటే మాట చెప్పేవాడు: "దేవుడు లోకాన్ని చేసిన వారంలో మనిషి ఆరో దినాన పుట్టె. ఆకు మూడో దినాన్నే పుట్టె. జబ్బు రాకముందే మందు పెట్టినాడు దేవుడు. మనం ఎతుక్కోవాల, అంతే."

ఆ మాట వట్టిది కాదనడానికి కమలమ్మే రుజువు. జమ్మలమడుగు పక్క పల్లెలో ఆమెకు పదిహేడేళ్ళప్పుడు కామెర్లు ముదిరాయి. కళ్ళు, గోళ్ళు, చివరికి చెమట కూడా పసుపు. ఇంట్లోవాళ్ళు ఆశ వదిలేసి గోడవైపు పడుకోబెట్టారు. ఊరూరా తిరిగి సువార్త చెప్పే ముసలాయన ఒకడు, వెంట శిష్యుడిగా పెద్దన్న, ఆ దారిన వచ్చారు. ముసలాయనకు చూపు సరిగా ఆనేది కాదు. అందుకని నేల ఉసిరి పీకి, కడిగి, మజ్జిగలో నూరి, ఆమె తలెత్తి పట్టి తాగించిందంతా పెద్దన్నే. వారం తిరిగేసరికి ఆమె లేచి కూర్చుని అన్నం అడిగింది. ముసలాయనే సంబంధం కలిపాడు. రెండూ అప్పుడప్పుడే సంఘంలో చేరిన కుటుంబాలు. మతం మారినా పేర్లు పాతవే ఉండిపోయాయి.

వాళ్ళకు పిల్లలు కలగలేదు. దానికీ పెద్దన్న వేర్లు నూరాడు, ఉపవాసాలు ఉన్నాడు. కొన్నేళ్ళయ్యాక, "ఇయ్యనిదానికి గూడా స్తోత్రం చెప్పాల మే" అని ఊరుకున్నాడు. కమలమ్మ ఊరుకోలేదు గాని, పైకి ఏమీ అనలేదు. అనకుండా ఉండడం ఆమెకు మొదటినుంచీ చేతనయిన విద్య.

పంతొమ్మిది వందల అరవై ఎనిమిది వానాకాలంలో ఒకరోజు స్నానం చేస్తుంటే ఎడమ రొమ్ములో గట్టిగా రేగ్గింజంత తగిలింది. నొప్పి లేదు. దసరా సెలవుల నాటికి అది నిమ్మకాయంత అయింది. అప్పుడు మొగుడికి చెప్పింది.

పెద్దన్న వేళ్ళతో మెల్లగా నొక్కి చూశాడు. అతని ముఖంలో ఒక్క క్షణం ఏదో కదిలింది. వెంటనే సర్దుకుని నవ్వాడు. "గడ్డే గదా. ఇట్లాంటివి ఎన్ని కరగలేదు!" ఉమ్మెత్తాకుకు ఆముదం రాసి, నిప్పుల మీద వెచ్చచేసి కట్టాడు. కట్టే ముందు మామూలుగా కంటే చాలాసేపు కళ్ళు మూసుకున్నాడు.

పక్కింటి బుచ్చవ్వకు ఈ సంగతి తెలిసింది. బుచ్చవ్వది వరంగల్ వైపు కాపు కుటుంబం, మొగుడు హాస్టల్లో వంటవాడు. పెద్దన్న మందుతోనే ఆమె కాలి పుండు మానింది. అయినా ఆమె అన్నది: "రొమ్ముల గడ్డంటే ఖరాబు చీజు కమలమ్మా. మా చిన్నమ్మకు గట్లనే అయింది. ఒక్కపారి దవాఖాన్ల సూపెట్టు. ఆకు యాడికి పోతది? ఈడనే ఉంటది గదా."

ఆ సాయంత్రం కమలమ్మ అన్నం వడ్డిస్తూ అడిగింది. "ఏమయ్యా, ఒక తూరి ఆసుపత్రిలో చూపిస్తే ఏమైతాది?"

పెద్దన్న కోప్పడలేదు. కోప్పడి ఉంటే ఆమె వాదించేదేమో. కలిపిన ముద్ద కంచంలోనే వదిలి, "నా చెయ్యి మీద నమ్మకం పోయిందా మే?" అన్నాడు. తనే మళ్ళీ, "పోదామంటే పోదాంలే. నీ ఇష్టం" అన్నాడు.

నిజంగానే ఆమె ఇష్టానికే వదిలేశాడు. ఆమె అన్నం అంటిన అతని చేతికేసి చూసింది. తనను బతికించిన చెయ్యి. "వద్దులే, ఏదో బుచ్చవ్వ అంటే అడిగినా" అంది.

రోజూ పొద్దున కట్టు మార్చేటప్పుడు, "ఎట్లుండాది?" అని అడిగేవాడు. చాలా రోజులు, "అట్లే ఉండాది" అంటూ వచ్చింది. అలా అన్నప్పుడల్లా అతను తలవంచుకుని ఆకు మార్చేవాడు. ఉమ్మెత్త పోయి వావిలి వచ్చింది, వావిలి పోయి మునగాకు వచ్చింది, మధ్యలో ఒండ్రుమట్టి పట్టీ కూడా వేశాడు. అతను ఉపవాసంగా రోజూ ఒక పూట తిండి మానేశాడు. ఒకనాడు ఆ తలవంచుకోవడం చూడలేక ఆమె, "కొంచెం మెత్తబడినట్టుండాదయ్యా" అనేసింది. పెద్దన్న ముఖం వెలిగింది. ఆ వెలుగు చూశాక మర్నాడు వెనక్కి తీసుకోవడం ఆమె వల్ల కాలేదు. ఆ మర్నాడు ఇంకొంచెం తగ్గిందని చెప్పింది.

అరవై తొమ్మిది సంక్రాంతి దాటాక యూనివర్సిటీ అట్టుడికిపోయింది. తెలంగాణ కావాలని విద్యార్థులు క్లాసులు బహిష్కరించారు. ఆర్ట్స్ కాలేజీ ముందు సభలు, తార్నాక రోడ్డు మీద ఊరేగింపులు, రాళ్ళు, పోలీసు వ్యాన్లు. రాయలసీమ నుంచి, కోస్తా నుంచి వచ్చి ఉద్యోగాలు చేసుకుంటున్నవాళ్ళ ఇళ్ళల్లో భయం పట్టుకుంది. కొందరు పెళ్ళాం పిల్లల్ని ఊళ్ళకు పంపేశారు. పెద్దన్న అరుగు మీదికి వచ్చేవాళ్ళు కూడా పలచబడ్డారు. బుచ్చవ్వ మాత్రం వాకిట్లో నిలబడి సందంతా వినబడేలా అనేది: "మా ఆకు పెద్దన్న జోలికి ఎవడొస్తడో నేను సూస్త!"

కాలేజీలు మూసేయడంతో పెద్దన్నకు పొద్దున కాసేపు మొక్కలకు నీళ్ళు పెట్టి రావడం తప్ప పని లేకపోయింది. పగలంతా ఇంట్లోనే. కమలమ్మకు అదే పెద్ద కష్టమైంది. గడ్డ అప్పటికే చర్మాన్ని లోపలికి లాగేసింది, ఒక మూల పగిలి రసి కారుతోంది. "ఇంక నేనే కట్టుకుంటాలే, దీనికి ఇద్దరెందుకు?" అని కట్టు పని తన చేతిలోకి తీసుకుంది. తడిసిన గుడ్డల్ని అతను తోటకు పోయినప్పుడు ఉతికి, దండెం మీద చీరల మడతల కింద ఆరేసేది. వాసన తెలియకుండా ఇంట్లో సాంబ్రాణి వేసేది. ఎడమ చెయ్యి పైకి లేవకపోతే కుడిచేత్తోనే జడ వేసుకోవడం నేర్చుకుంది.

పెద్దన్నకు అనుమానం రాలేదా అంటే, రావడానికి అతను చోటివ్వలేదు. బయట ఏ దిక్కు చూసినా తిట్లూ మంటలూ. లోపల ఈ ఒక్కటే మంచి వార్త. అతను దాన్ని రెండు చేతులా పట్టుకున్నాడు.

పట్టుకుని ఊరుకోక, గడ్డ కరిగిపోతోందని పాస్టరుగారికి చెప్పాడు. ఆ పాస్టరుగారు మొదట్లో ఈ ఆకుల వైద్యాన్ని మెచ్చుకున్నవాడు కాదు. దీంట్లో ఎక్కడో ఎల్లమ్మో పోచమ్మో ఉంటుందని ఆయన అనుమానం. పెద్దన్న నోట మంత్రం లేదని, ప్రార్థనే ఉందని తెలిశాక మెత్తబడ్డాడు. ఇప్పుడు ఆయనే ఇంటికి వచ్చి, "అమ్మా, బయట రోజులు బాగా లేవు. సంఘమంతా దిగులుగా ఉంది. ఈస్టరు ఆదివారం నాడు లేచి నిలబడి, ప్రభువు నీకు చేసిన మేలు చెప్పాలి" అన్నాడు.

కమలమ్మ మొగుడి వంక చూసింది. అతను నేల చూపు చూస్తున్నాడు గాని, పెదవుల చివర సంతోషం దాగడం లేదు.

ఈస్టరు నాడు చర్చి నిండిపోయింది. తెల్లచీర కట్టి, లోపల గుడ్డ మడతలు మడతలుగా పెట్టుకుని ఆడవాళ్ళ వరసలో కూర్చుంది. పాస్టరుగారు పేరు పిలిచాక లేచింది.

"నాకు రొమ్ములో గడ్డ వచ్చింది" అంది. "నా పెనిమిటి చేత్తో ప్రభువు నన్ను తాకినాడు. కరిగిపోయింది."

"హల్లెలూయా" అన్నారు అందరూ. కూర్చున్నాక గుడ్డ తడిసి పొట్టమీదికి వెచ్చగా జారడం తెలిసింది. ఆ పూటంతా చేతిసంచీని ఒంటికి అదుముకుని కూర్చుంది.

తర్వాత కొన్నాళ్ళకు, పెద్దన్న తోటకు పోయిన వేళలో, చర్చిలో ముఖం తెలిసినావిడ ఒకరు వచ్చారు. ప్రమీలమ్మ. మల్కాజ్‌గిరిలో బడిపంతులమ్మ, మెదక్ వైపు మనిషి, ఇద్దరు బిడ్డల తల్లి. అరుగు మీద కూర్చుని కొంగుతో ముఖం తుడుచుకుంది.

"మీకు చెప్పనీకె ఏం సిగ్గు కమలమ్మగారూ. నాకు గూడ గడ్డే. గీడనే" అని చూపించింది. "దవాఖాన్ల కోసి తీసేస్తమన్నరు. తేదీ గూడ ఇచ్చిన్రు. నాకు నిద్ర లేదు. మీ సాక్ష్యం ఇన్నంక పానం నిమ్మళమయింది. ఆపరేషనుకు పోతలేను. పెద్దన్నగారి మందే తీసుకుంట."

కమలమ్మ గుమ్మం వైపు తిరిగింది. లోపలికి పోయి మంచినీళ్ళు తెచ్చే వంకతో కుండ దగ్గర నిలబడింది. పంతులమ్మను పంపేయవచ్చు. మా ఆయన లేడు, మందు అయిపోయింది అనవచ్చు. కాని ఆమె మళ్ళీ వస్తుంది. వస్తే పెద్దన్న ఆకు కడతాడు. మనసారా, ప్రార్థించి కడతాడు. గడ్డ కరిగిన మనిషి ఇంట్లోనే ఉందిగా.

నీళ్ళు ఇవ్వకుండానే బయటికి వచ్చి, "లోపలికి రామ్మా" అంది. తలుపు మూసి గడియ పెట్టింది. ఏమీ చెప్పకుండా రవికె విప్పి, కట్టు విప్పింది.

ప్రమీలమ్మ చూసింది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని గోడకు ఆనుకుంది.

"మరి చర్చిల..."

"అబద్ధం చెప్పినా."

"ఏసయ్య ముందట్నా?"

"ఏసయ్య ముందరే." కమలమ్మ గొంతు వణకలేదు. అదే ఆమెకు వింతగా తోచింది. "నువ్వు పోమ్మా. రేపే పో. కోస్తామంటే కోయించుకో. నీకు బిడ్డలుండారు."

ప్రమీలమ్మ కళ్ళల్లో భయం కోపమైంది. "నన్ను సంపుదామనుకున్నవా?" అంది. గడియ తీసుకుని, చెప్పులు సగం తొడుక్కుని వెళ్ళిపోయింది.

కమలమ్మ మళ్ళీ కట్టు కట్టుకోలేదు. కొంగు కప్పుకుని మంచం అంచున అలాగే కూర్చుంది. పెద్దన్న వచ్చేసరికి అలాగే ఉంది. "ఏం మే, తలుపు బార్లా తీసుండాది?" అంటూ లోపలికొచ్చి ఆగిపోయాడు. ఆమె కొంగు తీసింది.

అతను దగ్గరికొచ్చి, వేళ్ళు చాచి, ముట్టుకోకుండానే వెనక్కి తీసుకున్నాడు.

"ఎప్పటినుంచి?"

"మొదట్నుంచీ."

"తగ్గిందే లేదా?"

"ఒక్కనాడు గూడా లేదు."

అతను మోకాళ్ళ మీద కూలబడ్డాడు. ప్రార్థనకని ఆమె అనుకుంది. కాదు, కాళ్ళు నిలవలేదు. "మరి నన్నెందుకు నమ్మించినావే?" అన్నాడు. ఆ గొంతు ఆమె ఎన్నడూ విననిది.

"నువ్వు నమ్మితే నిజమైతాదేమోనని" అంది కమలమ్మ. అది సాకు కాదు. రోజూ పొద్దున అబద్ధం చెప్పేటప్పుడు ఆమె లోపల అడుక్కున్నది అదే.

మర్నాడు బంద్. ఆ తర్వాత నగరంలో కాల్పులని, కర్ఫ్యూ అని. బస్సులు తిరగలేదు. నాలుగైదు రోజులు పోయాక బుచ్చవ్వే ఒక రిక్షా మాట్లాడి, దగ్గర కూర్చుని తీసుకుపోయింది. పెద్దన్న పక్కన నడిచాడు. దారిలో ఒకచోట కుర్రవాళ్ళు ఆపి, "ఏ ఊరు?" అని అడిగారు. బుచ్చవ్వ, "మా అక్క, పానం బాగలేదు, జరుగున్రి" అని కసిరితే తప్పుకున్నారు.

ఆసుపత్రిలో డాక్టరమ్మ చూసింది, చంక కింద తడిమింది, వీపు మీద నొక్కింది. కమలమ్మ కెవ్వుమంది. "ఇన్నాళ్ళూ ఏం చేశారు?" అని డాక్టరమ్మ అడిగితే పెద్దన్న, "ఆకులు కట్టినానమ్మా" అన్నాడు. తిడుతుందని ఎదురుచూశాడు. ఆమె తిట్టలేదు. చేతులు కడుక్కుంటూ, "ఆపరేషన్ దశ దాటిపోయింది. రేడియేషన్ కరెంటు పెట్టి చూద్దాం. నొప్పి తగ్గవచ్చు" అంది. నొప్పి అంది, జబ్బు అనలేదు. కమలమ్మకు ఆ తేడా అర్థమైంది.

కరెంటుకు ఒళ్ళు నల్లగా మాడింది. కొన్ని వారాలు నొప్పి తగ్గి, తర్వాత వెన్నులోకి దిగింది. మంచం పట్టింది.

ప్రమీలమ్మ చెప్పిందో, మరెవరు చెప్పారో, సంగతి సంఘానికి తెలిసింది. పాస్టరుగారు వచ్చి కుర్చీలో కూర్చుని, కొంచెం ఇబ్బంది పడుతూనే అన్నాడు: "అమ్మా, ప్రభువు సన్నిధిలో అసత్యం పలికావు. ఆ అవిశ్వాసమే స్వస్థతకు అడ్డమైందేమో. ఒప్పుకుంటే మంచిది."

"ఒప్పుకుంటా" అంది కమలమ్మ. ఆమెకు వాదించే ఓపిక లేదు.

గుమ్మంలో నిలబడ్డ పెద్దన్న, "ఆమెది అవిశ్వాసమే అనుకుందాం పాస్టరుగారూ" అన్నాడు. "మరి నాది? నేను పూర్తిగా నమ్మినా గదా. ఇంత గూడా అనుమానం లేకుండా నమ్మినా. నా నమ్మకం ఏమైనట్టు?"

పాస్టరుగారు కుర్చీలోంచి లేచాడు. ప్రార్థించి వెళ్ళిపోయాడు. ఆ ప్రార్థనలో పెద్దన్న కళ్ళు తెరిచే ఉన్నాయని కమలమ్మ ఒక్కతే చూసింది.

ఆ తర్వాత అతను ఎవరికీ ఆకు ఇవ్వలేదు. వచ్చినవాళ్ళను వాకిట్లోనే నిలబెట్టి, "ఆసుపత్రికి పోండి" అనేవాడు. ఒక తల్లి కామెర్ల బిడ్డను పట్టుకుని ఏడ్చి కాళ్ళ మీద పడబోతే వెనక్కి తగ్గి తలుపు వేసుకున్నాడు. లోపల్నుంచి కమలమ్మ, "ఇయ్యయ్యా, కామెర్లకు పనిచేస్తాది గదా, నాకు చేసింది గదా" అంది. అతను చెవులు మూసుకున్నాడు. ఏది పనిచేసిందో, ఏది తనంతట తానే మానిందో అతనికి ఇప్పుడు తెలియదు. తన చేతిలో నయమైనవాళ్ళందరి ముఖాలూ గుర్తొచ్చి అతనికి నిద్ర పట్టడం లేదని ఆమెకు తెలుసు. తన గడ్డతో పాటు వాళ్ళందర్నీ కూడా అతని దగ్గర్నుంచి తీసుకుపోతున్నట్టు ఆమెకు అనిపించేది.

ప్రమీలమ్మ సంగతి బుచ్చవ్వ కనుక్కుని వచ్చింది. ఆపరేషను అయిందట, తేరుకుంటోందట, చెయ్యి మాత్రం కొంచెం వాచిందట. "ఒక్కపారి అచ్చి సూసి పోవద్దా నిన్ను? నీ వల్లనే గదా బతికింది" అని బుచ్చవ్వ రుసరుసలాడింది. "రాదులే. ఎట్లొస్తాది" అంది కమలమ్మ. ఆ మాట విన్న పూట మాత్రం ఆమె రెండు ముద్దలు ఎక్కువ తిన్నది. అంతకు మించి ఆ వార్త ఆమెకేమీ చేయలేకపోయింది.

చలికాలం వచ్చింది. కాలేజీలు తెరిచారు, పెద్దన్న పనికి పోయి మధ్యాహ్నానికే వచ్చేసేవాడు. ఒక మధ్యాహ్నం కిటికీలోంచి ఎండ మంచం మీద పడుతుంటే కమలమ్మ అంది: "ఒక తూరి ప్రార్థన చెయ్యయ్యా."

పెద్దన్న స్టూలు లాక్కుని దగ్గర కూర్చున్నాడు. చేతులు జోడించాడు. పెదవులు కదిపాడు, ఆపేశాడు.

"ఏమని అడగాలే?" అన్నాడు. అలగడం లేదు, నిజంగానే అడుగుతున్నాడు.

కమలమ్మ ఆలోచించింది. బతుకు అడగడానికి లేదు. నొప్పి తగ్గించమని ఇద్దరూ వేరువేరుగా అడిగి చూశారు. క్షమించమని తను అడిగింది. విన్నాడో లేదో తెలియదు. పరలోకం ఒకప్పుడు ఎంతో స్పష్టంగా కనబడేది, ఇప్పుడు తలుచుకుంటే వెన్నులో నొప్పి ఒక్కటే తెలుస్తోంది.

"ఏమీ అడగద్దులే" అంది. "ఊరికే కూచో."

అతను చేతులు విడదీసి మోకాళ్ళ మీద పెట్టుకున్నాడు. ఎండ మంచం దిగి నేల మీదికి, అక్కణ్ణుంచి గోడకు పోయేదాకా అతను కూర్చునే ఉన్నాడు. బుచ్చవ్వ గంజి తెచ్చి, వాళ్ళను చూసి, గిన్నె గుమ్మం దగ్గర పెట్టి వెళ్ళిపోయింది.

క్రిస్మసుకు ముందు ఆదివారం నాడు కమలమ్మ పోయింది. సమాధి దగ్గరికి సంఘంవాళ్ళు కొద్దిమందే వచ్చారు. ప్రమీలమ్మ రాలేదు. పెద్దన్న ఆ తర్వాత కూడా తోటలో చాలా ఏళ్ళు పనిచేశాడు. మొక్కలకు నీళ్ళు పెట్టేవాడు, ఎండిన ఆకులు ఏరేసేవాడు. ఆదివారాలు చర్చికి పోయి చివరి బెంచీలో కూర్చునేవాడు. ఎందుకు పోతున్నావని ఎవరూ అడగలేదు, అడిగినా అతను చెప్పగలిగేవాడు కాదు.